కదలని గరుడుడు రెక్కలాడిస్తాడు

బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతి కూడళ్లలో చట్రాలు లేస్తాయి. వాటి నిండా చిట్టి బల్బులు. పొద్దుగూకి స్విచ్ వేయగానే ఒకచోట చక్రం గిర్రున తిరుగుతుంది, ఇంకోచోట ఏనుగు తొండమెత్తి నీళ్లు చిమ్ముతుంది, మరోచోట గరుడుడు రెక్కలల్లారుస్తాడు. కొండకు పోయే బస్సు కోసం నిలబడ్డ కుటుంబంలో చిన్నవాడు అడుగుతాడు: "రెక్కలు యెట్లాడిస్తాండాడు నాయనా?" తండ్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "కరెంటుతో రా."

ఆ జవాబులో సగమే నిజం. ఆ చట్రం దగ్గరికి వెళ్లి చూడండి. రెక్కకు మూడు వరసల బల్బులుంటాయి. పైకెత్తిన రెక్క ఒక వరస, చాచిన రెక్క ఒక వరస, దించిన రెక్క ఒక వరస. పైది వెలిగి ఆరుతుంది, నడిమిది వెలిగి ఆరుతుంది, కిందిది వెలిగి ఆరుతుంది. మళ్లీ కింది నుంచి పైకి. ఏ బల్బూ ఉన్నచోటు నుంచి గోరంత జరగదు. పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడండి, రెక్క మళ్లీ ఆడుతుంది. పై వరసకూ నడిమి వరసకూ మధ్య ఖాళీలో దీపమే లేదు. అయినా రెక్క ఆ ఖాళీ దాటుకుంటూ వచ్చినట్టు మనకు కనిపిస్తుంది. కరెంటు చేసిందల్లా వెలిగించడం, ఆర్పడం. రెక్కను ఆడించింది చూసేవాడి తలకాయ.

ఒకప్పుడు ఈ లైటింగ్ పెట్టేవాళ్లు చిన్న మోటారుకు రోలర్ తగిలించి, దాని మీద రాగి రేకులు అతికించి, ఆ రేకులు తగిలినప్పుడల్లా ఒక్కో వరస వెలిగేలా చూసేవాళ్లు. ఇప్పుడు ఆ పని గోరంత చిప్ చేస్తోంది, బల్బులు ఎల్‌ఈడీలయ్యాయి. మోసపోయే మన కన్ను మాత్రం అప్పటిదే. మోసం అనడం కూడా సరికాదేమో. కన్ను కదలికను ఉన్నదున్నట్టు అందుకోదు. అందిన ఆధారాలు కూర్చుకుని, ఏది కదిలి ఉంటుందో లెక్క తేలుస్తుంది. ఆ లెక్క నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిపోతుంది. సరిపోని చోట్లు చూస్తేనే అది ఎలా కడుతుందో బయటపడుతుంది. అలాంటి చోట్లకు మన తిరుపతి, చిత్తూరు సీమలో కొదవ లేదు. కొన్ని చోట్ల ఆ తప్పు వినోదం, ఒకటి రెండు చోట్ల ప్రాణాపాయం.

రైలు దిగి బొమ్మ కొన్న మనిషి

గరుడుడి రెక్క రహస్యాన్ని పరిశోధనశాలకెక్కించిన మనిషి మాక్స్ వెర్ట్‌హైమర్. 1910లో వియన్నా నుంచి సెలవులకు రైల్లో పోతున్నాడు. దారిలో ఏదో తట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, బొమ్మలు తిప్పితే కదిలినట్టు కనిపించే ఆటవస్తువు ఒకటి కొన్నాడు. సెలవుల సంగతి అటకెక్కింది. ఆ ఊళ్లోనే ప్రయోగాలు మొదలుపెట్టి 1912లో ఫలితాలు అచ్చు వేశాడు. ఆయన ప్రయోగాల్లో కళ్లు అప్పగించి కూర్చున్నవాళ్లలో కోలర్, కోఫ్కా ఉన్నారు. తర్వాతి కాలంలో ఈ ముగ్గురూ కలిసే గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రానికి పునాది వేశారు.

ప్రయోగం మన గరుడుడి చట్రమంత సాదా. ఇక్కడొక గీత, కాస్త ఎడంగా ఇంకో గీత, వంతులవారీగా కనిపించి మాయమవుతాయి. మధ్య వ్యవధి సెకనులో అయిదో వంతు ఉంటే ఒకదాని తర్వాత ఒకటి వెలిగినట్టే కనిపిస్తుంది. సెకనులో ముప్పయ్యో వంతుకు కుదిస్తే రెండూ ఒకేసారి వెలిగినట్టుంటుంది. ఈ రెంటికీ నడుమ, 60 మిల్లీసెకన్ల దగ్గర, రెండు గీతలు పోయి ఒకే గీత అవుతుంది. అది ఇక్కడి నుంచి అక్కడికి జరుగుతుంది. లైటింగ్ పనివాళ్లకు వెర్ట్‌హైమర్ పేరు తెలియకపోవచ్చు. రెక్క ఆడకపోతే టైమింగ్ ఎటు తిప్పాలో వాళ్ల చేతికి తెలుసు.

సినిమా బతికేదీ దీని మీదే. చిత్తూరునే ఇంటిపేరు చేసుకున్న నాగయ్య 1946లో 'త్యాగయ్య'గా తెర మీద నడిచినప్పుడు జనం చూసింది సెకనుకు 24 నిశ్చల ఛాయాచిత్రాలను. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 బొమ్మలు. పాత ప్రొజెక్టర్‌లో ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేలోగా షట్టర్ అడ్డొచ్చి తెర చీకటి చేస్తుంది. టికెట్ కొన్న సమయంలో సగానికి దగ్గరగా ఏమీ చూడకుండానే హాల్లో కూర్చుంటామన్నమాట. బొమ్మలు కదిలినట్టు కనిపించడానికి బడిలో చెప్పే కారణం 'బొమ్మ కంటిలో కాసేపు నిలిచిపోతుంది' అని. అది చాలదు. నిలిచిపోవడమే కారణమైతే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడి నాగయ్యగారికి నాలుగు తలలు, ఎనిమిది తంబురలు కనిపించాలి. నిలిచిపోవడం వల్ల మిణుకు తగ్గుతుంది, అంతే. కదలికను మెదడు విడిగా అల్లుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఆ వాక్యం మార్చడానికి నూరేళ్లు చాలకపోవడం విడ్డూరమే.

మన బండా, పక్క బండా?

రేణిగుంట జంక్షన్. మీ రైలు ఆగి ఉంది. కిటికీకి ఆనుకుని పక్క లైను మీద ఇంకో రైలు. నిమ్మళంగా మీ పెట్టె కదిలింది. నీళ్ల సీసా కోసం దిగిన మనిషి ఇంకా రాలేదని పెద్దామె గగ్గోలు: "బండి యెళ్లిపాయనే, మీ మామ యింకా రాలా!" అంతలో పక్క రైలు చివరి పెట్టె దాటిపోతుంది. వెనక ప్లాట్‌ఫారం, దాని మీద టీ కుండ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. "మనది గాదత్తా, పక్కది," అని కోడలు నవ్వుతుంది.

ఈ అనుభవం లేని రైలు ప్రయాణికుడు ఉండడు. కిటికీ నిండా ఉన్నదంతా ఒకేసారి ఒకే దిక్కుకు జారితే, మెదడుకు రెండు అర్థాలు దొరుకుతాయి: బయట లోకం జరుగుతోంది, లేదా నేను జరుగుతున్నాను. లోకమంతా కట్టకట్టుకుని పక్కకు జరగడం అరుదు. కాబట్టి 'నేనే' అన్న అర్థానికి మొగ్గుతుంది. లోచెవిలో కదలికను కనిపెట్టే అవయవం ఉన్నా అది వేగం మారినప్పుడే మేల్కొంటుంది. రైలు మెల్లగా కదిలితే అది సాక్ష్యానికి రాదు. కంటి మాటే తీర్పు అవుతుంది. పందొమ్మిదో శతాబ్దిలో భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ దీన్ని పనిగట్టుకుని పరిశీలించాడు.

కానీ ఈ సంగతిని మాక్ కన్నా దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల ముందే, రైలు లేని కాలంలో, పట్టుకున్నవాడు మన ఆర్యభటుడు. క్రీ.శ. 499 నాటి 'ఆర్యభటీయం' గోళపాదంలో పడవ ఉదాహరణ ఉంది. ముందుకు పోయే పడవలోని మనిషికి గట్టున ఉన్నవన్నీ వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయనీ, అలాగే నిశ్చలంగా ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయనీ అంటాడు. తిరిగేది భూమి, తిరిగినట్టు కనిపించేది ఆకాశం. తర్వాతి పండితులకు ఇది మింగుడు పడలేదు. భూమి తిరిగితే గూడు విడిచిన పక్షి మళ్లీ గూటికెలా చేరుతుందని వరాహమిహిరుడు నిలదీశాడు. బ్రహ్మగుప్తుడూ ఒప్పుకోలేదు. రేణిగుంటలో అత్తకు ఒక నిమిషంలో తీరిన తగువు, ఆకాశం విషయంలో వెయ్యేళ్లు నడిచింది. అక్కడ అడ్డు తొలగి చివరి పెట్టె కనిపించే వీలు లేదు మరి.

దీని తోబుట్టువే మబ్బుల చాటు చందమామ. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో శేషాచలం మీద మబ్బులు పరిగెడుతుంటే, వాటి మధ్య చంద్రుడు ఎదురు దిక్కుకు ఈదుతూ పోతాడు. కార్ల్ డంకర్ 1929లో దీని కిటుకు విప్పాడు. పెద్దది, చుట్టుముట్టి ఉన్నది నిలకడగా ఉంటుందని, లోపలున్న చిన్నదే కదులుతుందని మనం ముందే అనుకుంటాం. మబ్బు పెద్దది, చంద్రుడు చిన్నవాడు. కదలిక అంతా ఆయన ఖాతాలో పడుతుంది. ఒక కొబ్బరాకునో, మిద్దె పిట్టగోడనో ఆనవాలుగా పెట్టుకుని చూడండి, చంద్రుడు టక్కున ఆగిపోతాడు.

ఆనవాలే లేకపోతే? చీకట్లో దూరపు కొండ మీద ఒంటి దీపం. దాన్ని కాసేపు చూస్తే అది అటూ ఇటూ తారాడడం మొదలవుతుంది. 1799లో శాస్త్రవేత్త హంబోల్ట్ టెనెరిఫ్ దీవి కొండ మీద నుంచి నక్షత్రాలు ఊగడం చూసి, అవి నిజంగానే ఊగుతున్నాయనుకున్నాడు. 1935లో ముజాఫర్ షెరీఫ్ ఇందులోంచి ఇంకో సంగతి తవ్వాడు. చీకటి గదిలో కదలని దీపపు చుక్క చూపించి ఎంత దూరం జరిగిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు. నలుగురినీ కలిపి కూర్చోబెట్టి అడిగితే అంకెలు దగ్గరపడుతూ వచ్చి ఒకచోట స్థిరపడ్డాయి. జరగనిది ఎంత జరిగిందో నలుగురూ కలిసి ఒప్పందానికొచ్చారు! "నేనొక్కడినే కాదు, అందరం చూశాం" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

బండ పైకి లేస్తుంది

ఇక అన్నిటికన్నా వింతైన దానికి తలకోన పోవాలి. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా, నెరబైలు దాటి, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అడవిలోకి. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి ఆపి, గిల్లతీగలు పెనవేసుకున్న చెట్ల కింద నడిచి పోతే జలపాతం. ఎత్తు 270 అడుగులు. ఎండాకాలంలో నీటి ధార సన్నబడుతుంది, అప్పుడు ఈ వింత సరిగా పట్టుబడదు. కార్తీకం, మార్గశిరం మంచి అదను. అంత దూరం పోలేనివాళ్లు పెద్ద వాన పడ్డ మర్నాడు తిరుపతిలోనే కపిలతీర్థానికి వెళ్లినా సరిపోతుంది.

నీళ్లు ధారగా పడే చోట, ఎత్తులో సగం దగ్గర, ఒక మరకనో పగులునో గురుతు పెట్టుకోండి. పడే నీటి వెంట కన్ను కిందికి పోకూడదు, ఆ గురుతు మీదే నిలపాలి. పిల్లలకు ఇదే కష్టం. నీళ్లతో పాటు వాళ్ల చూపూ దిగిపోతుంది. ఒక నిమిషం అలా చూసి, చటుక్కున పక్కనున్న పొడి బండ మీదికి చూపు మార్చండి. బండ పైకి లేస్తుంది. నాచు, పగుళ్లు, పగుళ్లలో మొలిచిన మొక్క, అన్నీ మెల్లగా పైకి ప్రవహిస్తాయి. నీళ్లు పడ్డ వెడల్పు మేరకే ఆ కదలిక ఉంటుంది, దాని అంచుల బయట కొండ మామూలుగానే ఉంటుంది. ఇంకా విడ్డూరం ఏమిటంటే, పైకి పోతున్న ఆ పగులు ఎక్కడికీ పోదు. కదులుతూనే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది. చూస్తుండగా వేగం తగ్గి పది పదిహేను సెకన్లలో ఆగుతుంది. కదలికా, చోటు మారడమూ ఒకటేనని ఇన్నాళ్లూ అనుకున్నాం కదా. మెదడులో ఆ రెండు లెక్కలూ వేర్వేరు గుమాస్తాలు రాస్తారని ఈ బండ సాక్ష్యం చెబుతుంది.

పారే ఏటిని చూసి చూపు తిప్పితే కదలనివి కదిలినట్టుంటాయని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. జలపాతం దగ్గర దీన్ని పట్టుకున్నది రాబర్ట్ ఆడమ్స్. 1834లో స్కాట్లండ్‌లోని ఫాయర్స్ జలపాతం దగ్గర నిలబడి, పక్క బండలు నీళ్లు దిగినంత జోరుగా పైకి పోవడం చూసి పత్రికకు రాశాడు. చూసింది సరిగ్గా చూశాడు. కారణం దగ్గర తడబడ్డాడు. నీళ్ల వెంట కంటి కండరాలు తెలియకుండానే కిందికి జారడం అలవాటై, ఆ అలవాటు ఇంకా ఆగలేదనుకున్నాడు. బెల్జియం శాస్త్రవేత్త ప్లాటో తిప్పిన సుడి బొమ్మతో ఆ వాదం వీగిపోయింది. సుడి తిరుగుతుంటే నాలుగు దిక్కులా విచ్చుకుంటున్నట్టుంటుంది. అది ఆగాక చూసిందల్లా నాలుగు దిక్కుల నుంచీ ముడుచుకుంటుంది. కన్ను ఎంత కండబలం ఉన్నదైనా ఒకేసారి నాలుగు దిక్కులకు జారలేదు.

అసలు కారణం నాడీకణాల్లో ఉంది. కిందికి కదిలేదాన్ని చూసి స్పందించే కణాలు వేరు, పైకి కదిలేదాన్ని చూసి స్పందించేవి వేరు. బండను చూస్తున్నప్పుడు ఇరువర్గాలూ కొద్దికొద్దిగా, సమానంగా స్పందిస్తుంటాయి. తక్కెడ ముల్లు నడిమినే ఉంటుంది, కాబట్టి 'కదలడం లేదు' అని తేలుతుంది. నిమిషం సేపు జలపాతాన్ని చూస్తే కిందివైపు కణాలు జోరు తగ్గించుకుంటాయి. అప్పుడు బండను చూపిస్తే ఆ సిబ్బె తేలిపోతుంది, ముల్లు పైకి అనే వైపు ఒరుగుతుంది. 1963లో బార్లో, హిల్ కుందేలు కంటి రెటీనాలో ఇలాంటి కణాలను కొలిచారు. తన దిక్కు కదలికను చాలాసేపు చూసిన కణం, అది ఆగగానే మామూలు స్థాయి కన్నా దిగువకు పడిపోయింది. మనుషుల్లో మాత్రం ఈ పని ఎక్కువ భాగం మెదడులోనే జరుగుతుందని తలకోనలోనే రుజువు చేసుకోవచ్చు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో నీళ్లను చూడండి. తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో బండను చూడండి. కాస్త నీరసంగానైనా బండ లేస్తుంది. ఎడమ కన్ను జలపాతాన్ని చూడనే లేదు. అలవాటు పడ్డది రెండు కళ్ల దారులూ కలిసిన చోట, వెనకాల.

ఒక్క జాగ్రత్త. గంగమ్మ జాతరలో రంగుల రాట్నం దిగాక లోకం గిర్రున తిరుగుతుందే, అది దీని కోవలోకి రాదు. అది లోచెవిలో ద్రవం ఇంకా ఆగకపోవడం. కళ్లు మూసుకున్నా తిరుగుతుంది. తలకోన బండ కళ్లు మూసుకుంటే లేవదు.

టీ గడ్డకట్టిన ఆమె

కదలికను చూసే పనికి మెదడులో ప్రత్యేకంగా ఒక చోటు ఉంది. చెవికి వెనకగా, కాస్త పైన. 1971లో కోతుల మెదళ్లలో దాన్ని గుర్తించారు. మనుషుల్లో అది పాడైతే ఏమవుతుందో 1983లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి జోసెఫ్ జీల్ బృందం రాసిన నివేదిక చెబుతుంది. మెదడులో రక్తం గడ్డకట్టి రెండు వైపులా ఆ చోటు దెబ్బతిన్న ఒక మహిళ. ఆమెకు రంగులు తెలుస్తాయి, మనుషులను గుర్తుపడుతుంది, చదువుతుంది. కదలిక ఒక్కటే కనిపించదు. కప్పులో టీ వంచుతుంటే ధార గడ్డకట్టి నిలబడ్డట్టుంటుంది. కప్పులో మట్టం పెరగడం కనిపించదు గనుక ఎప్పుడు ఆపాలో తెలియక పొర్లిపోతుంది. రోడ్డు దాటబోతే కారు ఎక్కడో దూరాన ఉంటుంది, మరుక్షణం మీద పడేంత దగ్గర ఉంటుంది. మధ్యలో రావడం అంటూ లేదు. నలుగురు నడిచే గదిలో ఆమె ఉండలేకపోయేది. ఎవరు ఎప్పుడు ఎక్కడ ప్రత్యక్షమవుతారో తెలియదు కాబట్టి.

బల్బులు వెలిగి ఆరితే మనకు గరుడుడి రెక్క ఆడుతుంది. ఆమెకు నిజంగా ఎగిరే గద్ద కూడా ఆగి ఆగి అగుపడుతుంది.

ఫార్వర్డ్ చక్రాలు

అచ్చు బొమ్మలో చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే చిత్రాలు మీ ఫోనుకూ వచ్చే ఉంటాయి. కింద ఒక నోట్: ఇది ఒక జపాన్ మానసిక వైద్యుడు చేసిన బొమ్మ, మీకు నిలకడగా కనిపిస్తే ప్రశాంతంగా ఉన్నట్టు, జోరుగా తిరిగితే ఒత్తిడిలో ఉన్నట్టు. ఒట్టి మాట. ఆ బొమ్మ 2016లో యూరీ పెరెపాడియా అనే ఉక్రెయిన్ చిత్రకారుడు కంప్యూటర్‌లో గీసింది. వైద్యుడెవరూ లేడని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి దారి చూపింది జపాన్ ఆచార్యుడు అకియోషి కిటావొకా 2003లో గీసిన తిరిగే పాములు. నలుపు, ముదురు, తెలుపు, లేత రంగులు ఒక వరస తప్పకుండా పేర్చితే, కన్ను అప్రయత్నంగా కదిలినప్పుడల్లా చూపు అంచుల్లో ఉన్న చక్రం తిరిగినట్టుంటుంది. నేరుగా చూసిన చక్రం ఆగుతుంది. కొందరికి అసలు కనిపించదు. బీపీకి, బెంగకు దీనితో సంబంధం లేదు. ఫార్వర్డ్ చేయకండి, చాలు.

తిరుగుతున్న మోటారు ఆగినట్టుంటే

నగరి, పుత్తూరు మరమగ్గాల షెడ్లలో, చిత్తూరు పల్లెల చెరకు గానుగల దగ్గర, ఏ లేత్ షాపులో చూసినా మోటారు మీద రేకు బిళ్ల ఉంటుంది. చాలావాటి మీద 1440 అని రాసి ఉంటుంది. నిమిషానికి అన్ని చుట్లు, అంటే సెకనుకు 24. దానికి నాలుగు ఆకుల పుల్లీ ఉందనుకోండి. సెకనుకు 96 సార్లు ఆకు వచ్చి వెనకటి ఆకు చోట నిలుస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు కాబట్టి పాత చోక్ ట్యూబులైటు, నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య ఆకు తన పక్కదాని చోటికి పూర్తిగా చేరదు, వెంట్రుకవాసి వెనకబడుతుంది. కన్ను దగ్గరి దారి చూసుకుంటుంది: ఇంత ముందుకొచ్చింది అనుకోవడం కన్నా, ఇంచుక వెనక్కి జరిగింది అనుకోవడం తేలిక. అలా సెకనుకు 24 చుట్లు ముందుకు తిరిగే పుల్లీ, సెకనుకు ఒక్క చుట్టు చొప్పున, తీరిగ్గా, వెనక్కి తిరుగుతూ కనిపిస్తుంది. చుట్లు 25 అయితే పూర్తిగా ఆగినట్టే ఉంటుంది.

సినిమాల్లో గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరిగే తమాషా ఇదే. షెడ్డులో మాత్రం తమాషా కాదు. ఆగింది కదా అని ఎవరైనా చెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పరీక్ష సులువు. మీ పని చేసే చోట దీపం కింద పెన్ను పట్టుకుని వేగంగా ఊపండి. పెన్ను మసకగా, విసనకర్రలా పరుచుకుంటే దీపం మంచిది. విడివిడిగా పది పెన్నులు కనిపిస్తే దీపం మిణుకుతోంది. అలాంటి దీపాన్ని తిరిగే యంత్రం మీద పెట్టకూడదు. మూడు ఫేజుల కరెంటు ఉన్నచోట పక్కపక్క దీపాలను వేర్వేరు ఫేజులకు కలిపితే ఒకటి మసకబారిన క్షణంలో ఇంకొకటి వెలుగుతుంది. పాతకాలపు ఎలక్ట్రీషియన్లు ఈ పని చేసేవాళ్లు. మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ కొనడం ఇప్పుడు ఇంకా తేలిక.

ఘాట్ మీద గడియారం

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, రెండోది 1974 నాటిది. ఇప్పుడు ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది. అలిపిరి టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది నియమం. అంతకన్నా ముందే చేరితే వేగంగా నడిపినట్టే లెక్క. దీన్ని విసుక్కునే డ్రైవర్లు ఉంటారు. ఈ దేశంలో రోడ్డు భద్రతకు పెట్టిన నియమాల్లో ఇంత తెలివైనవి తక్కువని నా అభిప్రాయం. ఎందుకంటే అది వేగం తేల్చే పనిని కంటి చేతి నుంచి తీసి గడియారానికి అప్పగించింది.

వేగం విషయంలో కంటి మాట చెల్లదు. చిత్తూరు నుంచి తిరుపతి రహదారిలో నలభై నిమిషాలు వందలో పోయి ఊళ్లోకి దిగండి. అరవైలో ఉంటే నలభైలో ఉన్నట్టుంటుంది. తలకోనలో నీటికి అలవాటు పడ్డట్టే ఇక్కడ ఎదురొచ్చే రోడ్డుకు మెదడు అలవాటు పడింది. స్కాట్లండ్‌లోని న్యూబ్రిడ్జ్ కూడలి దగ్గర 1970లలో గోర్డన్ డెంటన్ ఇదే కంటిని ఎదురు మోసం చేశాడు. రోడ్డుకడ్డంగా గీతలు గీయించి, కూడలి దగ్గరయ్యేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గించాడు. ఒకే వేగంతో వస్తున్నా బండి జోరందుకుంటున్నట్టు అనిపించి డ్రైవర్లు బ్రేకు మీద కాలేశారు.

పొగమంచు సంగతి చిక్కుముడి. 1998లో బ్రిటన్ పరిశోధకులు, దృశ్యం వెలిసినట్టుంటే వేగం తక్కువగా తోస్తుందనీ, అందుకే మంచులో డ్రైవర్లు తెలియకుండా జోరు పెంచుతారనీ తేల్చారు. 2012లో జర్మనీలో ప్రెట్టో బృందం అసలైన మంచులా, దగ్గరిది స్పష్టంగా, దూరానిది మసకగా ఉండేలా దృశ్యం తయారుచేసి పరీక్షిస్తే ఫలితం తిరగబడింది. వేగం ఎక్కువగా తోచి డ్రైవర్లు నెమ్మదించారు. మార్గశిరంలో తిరుమల మలుపుల్లో మంచు దిగినప్పుడు ఈ రెంటిలో ఏది మీకు వర్తిస్తుందో ఆలోచిస్తూ నడపకండి. స్పీడోమీటర్ చూడండి.

మలుపుల్లో వాంతులకు కూడా కారణం ఇక్కడే ఉంది. ఫోను చూస్తూ కూర్చున్న పిల్లవాడికి కన్ను 'కదలడం లేదు' అంటుంది, లోచెవి 'మలుపు తిరుగుతున్నాం' అంటుంది. ఆ తగువు కడుపు మీద పడుతుంది. నిమ్మకాయ సంగతి ఎలా ఉన్నా, ఫోను లాక్కుని కిటికీలోంచి దూరంగా కొండను చూడమనండి.

గేటు దగ్గర

చివరగా, ఈ కథనంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. పెద్ద వస్తువు చిన్నదాని కన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. రేణిగుంట విమానాశ్రయంలో దిగే విమానం గాల్లో తేలుతున్నట్టుండటం ఇందుకే. 1985లో అమెరికా శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ రైల్వే గేట్ల దగ్గర ప్రమాదాలకు ఇదొక కారణమని చూపాడు. రైలు భారీగా ఉంటుంది కాబట్టి నింపాదిగా వస్తున్నట్టుంటుంది.

ఎదురుగా చూస్తే ఇంకా మోసం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు అర కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు కంటికి చందమామ కన్నా సన్నంగా కనిపిస్తుంది. మీ దగ్గరికి రావడానికి దానికి పట్టేది 18 సెకన్లు. అందులో సగం కాలం గడిచినా దాని వెడల్పు రెండింతలు మాత్రమే అవుతుంది. అప్పటికీ చిన్నదే, దూరమే, నెమ్మదే. పెరగడమంతా చివరి మూడు నాలుగు సెకన్లలో జరుగుతుంది. అప్పటికి బైకు పట్టా మీద ఉంటుంది.

పాకాల నుంచి గూడూరు దాకా ఏ గేటు దగ్గరైనా, మూసిన గేటు కింద నుంచి బండి ఒరగేసి దూరే మనుషులు కనిపిస్తారు. వాళ్లంతా ఒకసారి అటు చూసి, "దూరంగా ఉండాదిలే" అనుకున్నాకే దూరుతారు. ఆ మాట చెప్పేది కన్ను. ఎత్తైన బండను పైకి లేపిందీ, మబ్బుల మధ్య చంద్రుణ్ణి ఈదించిందీ ఆ కన్నే. గేటు వేసి ఉంటే ఆగండి. రైలు ఎంత దూరంలో ఉందో మీరు లెక్క కట్టకండి.